తగిలిందండీ

కళ్లు మూసుకోమంటే కాంతం పైటకొంగు తీసి ముఖమంతా కప్పేసుకుంది.

"అంత అక్కర్లేదండీ, ఊరికే మూసుకుంటే చాలు," అని డాక్టర్ నజ్నీన్ నవ్వింది.

"పొరపాటున చూసేత్తానేమోనండీ," అంది కాంతం కొంగు తియ్యకుండానే.

నజ్నీన్ చిన్న పీట మీద కూర్చుని కాంతం ఎడమ పాదాన్ని తన ఒళ్లో తువ్వాలు పరిచి పెట్టుకుంది. వెనకాల నిలబడ్డవాళ్లలో ఒకాయన ఫొటో తీశాడు. డాక్టరు ఒళ్లో పాదం పెట్టినందుకు కాంతం సిగ్గుతో బిగుసుకుపోయి ఉంది. లాక్కుంటే మర్యాదగా ఉండదని ఊరుకుందంతే. నజ్నీన్ చేతిలో కలంలాంటి పుల్ల ఉంది, దాని కొసన సన్నటి నైలాను పోగు. ఆ పోగును అరికాలి మీద వంగేదాకా నొక్కాలి. స్పర్శ తెలిస్తే నరాలు బాగున్నట్టు. తెలియకపోతే షుగరు వాటిని తినేసినట్టు.

"తగిలిందాండీ?"

"తగిలిందండీ."

బొటనవేలి కింద. మడమ దగ్గర. చిటికెనవేలి పక్కన.

"ఇప్పుడు?"

"తగిలిందండీ. సుబ్బరంగా తగిలింది."

ఈ పరీక్ష చేసేటప్పుడు మధ్యలో ఒకసారి పోగు ఆనించకుండానే అడగాలని పుస్తకంలో ఉంది. నజ్నీన్‌కి అది నచ్చలేదు. నమ్మి వచ్చిన మనిషిని ఉత్తుత్తి ప్రశ్నతో పట్టుకోవడం వైద్యం కాదు, పోలీసుల పని అనుకుని తన సెంటర్లో దాన్ని తీసేసింది. ఆమె గురువు డాక్టర్ పట్టాభిరామయ్యగారు ఆ సంగతి విని ఎంతో మెచ్చుకున్నారు. "భయపడ్డ రోగి అబద్ధం చెబుతాడమ్మా. ఆదరించావనుకో, నిజం చెబుతాడు. మన వైద్యమంతా ఆ ఒక్కమాట మీదే నిలబడింది," అనేవారాయన. ఆయన తన జన్మలో రోగిని కసురుకున్నది లేదు, శిష్యుల్ని కసురుకున్నది అంతకంటే లేదు.

సెంటరు కలిదిండి దాటాక చేపల చెరువుల మధ్య, మూతబడ్డ రైసుమిల్లు ఆఫీసు గదుల్లో ఉంది. ఏలూరులోని ట్రస్టు ఆసుపత్రి కుటుంబ వైద్యుల్ని తయారుచేస్తోంది. చివరి ఏడాదిలో ఒక్కొక్కరికీ ఒక ఊరి సెంటరు అప్పగించి, నీ పద్ధతిలో నువ్వు నడిపి చూపించమంటుంది. నజ్నీన్ మొట్టమొదట బల్ల తీసేయించింది. డాక్టరు కుర్చీ, రోగి కుర్చీ పక్కపక్కనే ఉంటాయి. రోగి చెప్పుకోవడం పూర్తయ్యేదాకా డాక్టరు నోరు విప్పకూడదు. మందు రాసేముందు, మీకు ఏది ముఖ్యమో చెప్పండి అని అడగాలి. వీలైతే ఇంటికి వెళ్లి చూడాలి. ఈ పద్ధతి నెగ్గితే తాడేపల్లిగూడెంలో ఇంకా పెద్ద సెంటరు పెడతారు, దానికి నజ్నీనే పెద్ద, తర్వాత వచ్చే డాక్టర్లకు ఆమే పాఠం చెప్పాలి. ఆ సెంటరు తనకు కావాలని ఆ పిల్ల మనసారా కోరుకుంది. అందులో తప్పేముంది?

ఇవాళ గురువారం. దాన్ని తేల్చే పెద్దలు ఇద్దరొచ్చారు, ట్రస్టు మేనేజరు హేమంత్‌కుమార్ వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. బాగైన కేసొకటి చూపించండి మేడమ్ అని ముందురోజే ఫోన్ చేశాడు. కాంతాన్ని నజ్నీన్ అందుకే రమ్మంది.

కాంతం రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. పొద్దస్తమానం ఐసు నీళ్లలో నిలబడాలి, కాళ్లకు రబ్బరు బూట్లు, బూట్లలోకి చేరిన నీళ్లు సాయంత్రందాకా అందులోనే. కుడి అరికాల్లో పుండు పడింది. పోయినవారం నజ్నీన్ పక్కన కూర్చుని, మీకు ఏది ముఖ్యమండీ అని అడిగితే, ఈ ప్రశ్న తననేనా అన్నట్టు కాంతం పక్కకు చూసింది. తర్వాత, "మీరెలాగంటే అలాగేనండీ," అంది. పుండు మానేదాకా షెడ్డుకు వెళ్లొద్దని, కాలు తడవనివ్వొద్దని, రోజూ కట్టు మార్చాలని ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నారు. కలిసి నిర్ణయించుకున్నామని నజ్నీన్ అనుకుంది. చెరువుగట్టు మీదున్న వాళ్లింటికీ వెళ్లింది. నులకమంచం మీద కూర్చుని వాళ్లిచ్చిన టీ తాగింది. మొగుడు తాతాజీ ఆ చెరువుకు కాపలా మనిషి, ఆమె ఉన్నంతసేపూ గుంజ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఇప్పుడు పుండెలా ఉందండీ?" అంది నజ్నీన్.

"తగ్గిందండీ. మీ చేతి చలవ."

పెద్దలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలూపారు. కాంతం ఇవాళ ఉతికిన చీర కట్టుకుంది. కుడికాలికి తెల్లటి గుడ్డతో ఎంతో నీటుగా కట్టు కట్టుకుంది, దాని చుట్టూ పౌడరు కూడా అద్దింది. నజ్నీన్ కట్టు ముడి మీద చెయ్యి వేసింది. కాంతం గబుక్కున కాలు చీర కుచ్చిళ్లలోకి లాక్కుంది.

"వద్దండీ. ఇంతమంది పెద్దోళ్ల ముందు బాగోదండీ. తగ్గిపోయిందండీ, ఒట్టు."

గదిలో డెట్టాలు వాసన, పౌడరు వాసన. ఆ రెంటి కింద ఇంకో వాసన కూడా ఉంది. నజ్నీన్ ముక్కు దాన్ని పట్టుకుంది. పట్టుకుని, షెడ్డు వాసన అనుకుంది. కొల్లేటి చెరువుల మధ్య ఏ వాసన వచ్చినా నేరం చేపల మీదకే పోతుంది. షెడ్డు మానేసిన మనిషి దగ్గర షెడ్డు వాసన ఎందుకుంటుందని ఆ క్షణాన ఆమెకు తోచలేదు. రోగికి ఇష్టం లేనిది బలవంతంగా చెయ్యకూడదు, అందులోనూ నలుగురి ముందు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అదీ గౌరవమంటే," అన్నాడు పెద్దల్లో ఒకాయన మెల్లగా.

వెళ్లేముందు హేమంత్‌కుమార్ చిన్న తెర ఒకటి కాంతం ముందు పెట్టాడు. దాని మీద ఏడుపు ముఖం దగ్గర్నుంచి నవ్వు ముఖం దాకా వరసగా ఉంటాయి. వైద్యం ఎలా ఉందో ఒకటి నొక్కాలి. కాంతం అన్నిట్లోకీ పెద్ద నవ్వు ముఖాన్ని నొక్కింది. సరిగ్గా పడిందో లేదోనని మళ్లీ నొక్కింది.

*

శుక్రవారం సెంటరుకు సెలవు. ఏలూరులో ఇంటి దగ్గర నజ్నీన్ అన్నం తిని కూర్చునేసరికి టైలరు వసీమ్ వచ్చాడు. అమ్మ కమరున్నీసాకు బంధువుల పెళ్లికోసమని కుట్టిన జాకెట్టు తెచ్చాడు. ఆమె లోపలికి వెళ్లి తొడుక్కుని వచ్చింది. చేతులు పైకి లేవడం లేదు, అంత బిగుతు.

"సరిపోయిందా పిన్నిగారూ?"

"చక్కగా కుదిరింది బాబూ. నీ చేతిలో ఏదో ఉంది," అని కమరున్నీసా నవ్వుతూ సాగనంపింది. అతను వీధి మలుపు తిరగ్గానే జాకెట్టు విప్పి కత్తెర తీసుకుని చంకల దగ్గర కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"అతనికే చెప్పొచ్చుగా అమ్మీ!"

"ముఖం మీద ఎలా చెబుతామే? పాపం, ఎంత ఆశగా అడిగాడు. తెలియనివాడైతే కడిగేసేదాన్నే. తెలిసినవాణ్ణి నొప్పించడమెందుకు?"

నజ్నీన్ పకపకా నవ్వింది. అమ్మకు కళ్లు ఆనడం లేదని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. తర్వాత పుస్తకం తీసుకుని చదువుకుంది. తల్లీకూతుళ్లు ఆ మధ్యాహ్నమంతా ఎంత హాయిగా ఉన్నారో తలుచుకుంటే జాలి వేస్తుంది.

*

శనివారం ఆమె బస్సు దిగి వచ్చేటప్పటికే తాతాజీ సెంటరు వరండాలో గోడవార కూర్చుని ఉన్నాడు. లేచి దణ్ణం పెట్టాడు. లోపలికి రమ్మంటే, "కానివ్వండి, వాళ్లందరిదీ అయ్యాక వత్తానండీ," అన్నాడు. మందులకో దేనికో వచ్చి ఉంటాడని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

సెంటర్లో ఏ రోగి మాటకూ అడ్డు రాకూడదన్నది నియమం. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఒకావిడ మోకాళ్ల నొప్పితో మొదలుపెట్టి కోడలి దాకా వెళ్లింది. ఒకాయన తన గ్యాసు గురించి చెరువులో మేత చల్లినంత తీరుబడిగా చెప్పాడు. నజ్నీన్ పక్కన కూర్చుని అందరిదీ చివరిదాకా విన్నది. కిటికీలోంచి తాతాజీ తలపాగా కనిపిస్తూనే ఉంది. ఎండ వరండాలోకి వచ్చింది, అతను కొంచెం జరిగి కూర్చున్నాడు. అందరూ వెళ్లిపోయాక చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాంతానికి కాస్త ఒంట్లో నలతగా ఉందండీ."

"నలతంటే?"

"రాత్రి నుంచీ మాట్లాడతాలేదండీ."

నజ్నీన్ సంచీ అందుకుని గట్టు మీద పరిగెత్తింది. వెనకాల తాతాజీ, "మెల్లిగా అండీ, జారుద్ది," అంటూనే ఉన్నాడు.

నులకమంచం మీద కాంతం ఒళ్లు కాలిపోతోంది. కళ్లు తెరిచి ఉన్నాయి గాని మనిషిని పోల్చుకోవడం లేదు. కాలికి మళ్లీ కొత్త కట్టు, శుభ్రమైన గుడ్డ. నజ్నీన్ ముడి విప్పింది. ఒక చుట్టు కింద ఇంకో చుట్టు, కిందికి పోయేకొద్దీ గుడ్డ పచ్చగా, తర్వాత నల్లగా తడిసి ఉంది. ఆఖరి పొర తోలుతో సహా ఊడి వచ్చింది. వేళ్లు మూడు నల్లబడిపోయాయి. నలుపు మడమ దాటి చీలమండ పైకి ఎక్కింది. గురువారం నాడు గదిలో వచ్చిన వాసన ఇదే. ఇప్పుడు నిందించడానికి చేపలు లేవు.

108కు ఫోన్ చేసి, సెలైను పెట్టి, ఆమె తల తన ఒళ్లో పెట్టుకున్నాక నజ్నీన్ అడిగింది.

"షెడ్డు మానలేదా తాతాజీగారూ?"

"రొయ్యల పట్టుబళ్ల సీజను కదండీ. మానితే మేస్త్రీ ఇంకోళ్లని పెట్టేసుకుంటాడండీ. ఆ ఏళ కూడా చీకటితోనే పనికెళ్లి, మీరు రమ్మన్నారని మద్దెలో వచ్చి, తానం చేసి, కట్టు మార్చుకుని వచ్చిందండీ."

"నొప్పి లేదా?"

"ఉండేదండీ. కాలు లాగేత్తందని ఏడిసేది. వెంకట్రాజు గారి చేత సూదులేయించుకుందండీ." వెంకట్రాజు ఆ ఊరి ఆరెంపీ డాక్టరు.

"నాకెందుకు చెప్పలేదండీ? ఆయనకి చెప్పినప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

తాతాజీ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా విడమర్చి చెప్పాలా అన్నట్టు నేల చూశాడు.

"ఆయన తిడతాడండీ. ఏవే, మళ్లీ నీళ్లలో దిగావా, నీకు బుద్ధుందా అంటాడు. సూది పొడిచేత్తాడు. అక్కడితో అయిపోద్ది. ఆయనకి చెప్పుకోడానికేం భయం లేదండీ. మీరలా కాదు కదండీ. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నారు. డాక్టరమ్మనని కూడా చూడకుండా దాని కాలు ఒళ్లో పెట్టుకున్నారు. మీతో తగ్గలేదని ఎలా అంటామండీ?"

అంబులెన్సు ఏలూరు రోడ్డు ఎక్కకముందే నజ్నీన్‌కి తెలిసిపోయింది, కాలు దక్కదని. చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. ఆమె కాంతం చెయ్యి వదల్లేదు. మధ్యలో ఎక్కడో కాంతం చూపు ఆమె ముఖం మీద నిలిచింది. "మేడంగారు," అంది పొడి పెదాలతో, "మీకు శ్రమ." నజ్నీన్ ఏడ్చింది. డ్రైవరుకు వినిపించేలా ఏడ్చింది.

*

మోకాలి కింద తీసేశారు. సోమవారం నాటికి జ్వరం దిగి కాంతానికి పూర్తిగా తెలివి వచ్చింది. ఏలూరు ఆసుపత్రి వార్డులో నర్సు క్యాథరిన్ సెలైను సీసా మారుస్తుంటే నజ్నీన్ వచ్చి మంచం పక్కనే కుర్చీ వేసుకుంది. అలవాటు. కాంతం లేవబోయింది, లేవలేక దుప్పటి సర్దుకుంది.

"మిమ్మల్ని నలుగుర్లో చిన్నబుచ్చానండీ," అంది.

"నన్ను తిట్టండి కాంతంగారూ. కట్టు విప్పి చూడాల్సింది నేను. తప్పు నాది. ఒక్కసారి తిట్టండి."

"అయ్యయ్యో, అదేం మాటండీ. మీరు దేవతలాంటోరు."

"నొప్పిగా ఉందా?"

"లేదండీ. పర్లేదండీ."

కాంతం నుదుటి నిండా చెమట. చెయ్యి మంచం ఇనుపకమ్మీని పట్టుకుని వేళ్లు తెల్లబడ్డాయి. క్యాథరిన్ నజ్నీన్ వైపు చూసి, నొప్పికి ఇంజెక్షను ఎక్కించి వెళ్లిపోయింది.

నజ్నీన్ సంచీలోంచి నైలాను పోగున్న పుల్ల తీసింది. మిగిలిన ఎడమ పాదం దగ్గరికి జరిగింది.

"ఒకసారి కళ్లు మూసుకుంటారా?"

కాంతం ఈసారి కూడా ఓపిక తెచ్చుకుని కొంగు ముఖం మీదికి లాక్కుంది. నజ్నీన్ పుల్లను గాలిలో పట్టుకుంది. పాదానికి జానెడు దూరంలో.

"తగిలిందాండీ?"

"తగిలిందండీ."

పుల్లను ఒళ్లో పెట్టేసుకుంది. రెండు చేతులూ ముడుచుకుంది.

"ఇప్పుడు?"

"తగిలిందండీ," అంది కాంతం కొంగు కిందినుంచి. డాక్టరుగారు సంతోషపడాలని కాస్త గట్టిగానే అంది.

ఎన్ని పాదాలు పట్టుకుంది ఆ గదిలో! ఎంతమంది తగిలిందన్నారు! ఎంతమంది తగ్గిందన్నారు, మాత్రలు వేసుకుంటున్నామన్నారు, ఉప్పు మానేశామన్నారు! ఆ మాటల్లో ఒక్కటైనా నిజమో కాదో ఆమెకు ఇక తెలియదు. కసురుకునే డాక్టరు దగ్గర జనం భయంతో అబద్ధం చెబుతారు. తన దగ్గర ప్రేమతో చెప్పారు. భయాన్నయితే పోగొట్టొచ్చు. ప్రేమను ఏం చెయ్యాలి?

వరండాలో హేమంత్‌కుమార్ ఎదురయ్యాడు. "బాధపడకండి మేడమ్, ఇది సర్జరీ కిందికి వస్తుంది, మన సెంటరు కిందికి రాదు," అన్నాడు ఓదార్పుగా. "మన సెంటర్లో అందరూ పెద్ద నవ్వే నొక్కారు. ఆవిడ కూడా."

*

బుధవారం పట్టాభిరామయ్యగారు పిలిపించారు. చెప్పాల్సింది నజ్నీన్ రెండు రాత్రులుగా మనసులో కూర్చుకుంటూనే ఉంది. మన పద్ధతిలో లోపం ఉందండీ. మనం మంచిగా ఉన్నకొద్దీ వాళ్లు మన దగ్గర దాస్తున్నారు. తాడేపల్లిగూడెం కొన్నాళ్లు ఆపండి, లేకపోతే నాలాంటివాళ్లను మరో పదిమందిని తయారుచేస్తాం. మెట్లెక్కుతూ కూడా అదే వల్లించుకుంది.

ఆయన గదిలోనూ బల్ల లేదు. అసలు ఆ ఆలోచన ఆమెకు వచ్చిందే ఇక్కడ. ముసలాయన లేచి, తన కుర్చీని ఆమె కుర్చీ పక్కకు లాక్కుని కూర్చున్నారు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చారు. పోస్తుంటే కొంచెం సాసరులో ఒలికింది.

"నీ పేషెంటు సంగతి విన్నానమ్మా. పాపం. షుగరు జబ్బు అంతే, మనం ఎంత చేసినా కొన్ని చెయ్యిజారిపోతాయి. దాన్ని మనసుకు పట్టించుకోకు."

"ఆవిడ సంగతొక్కటే కాదండీ..."

ఆయన వెంటనే మాట ఆపేశారు. ఎదుటివాళ్లు చెప్పేటప్పుడు మాట్లాడకూడదుగా. తల కొంచెం వంచి, చెవి ఇటు పెట్టి, ఎదురు చూశారు. ఆ కళ్లలో విసుగన్నది లేదు. ముప్పై ఏళ్లు ఇలాగే విన్నారాయన. ఇలా వినే డాక్టర్లను తయారుచేద్దామని ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో, ఎంతమంది నవ్వారో ఆమెకు తెలుసు. మొదటి ఏడాదిలో ఆమె తప్పు మందు రాసి ఏడుస్తుంటే, ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి టీ పోసిచ్చారు.

నజ్నీన్ పక్కకు చూసింది.

"వచ్చినవాళ్లు చాలా మెచ్చుకున్నారు," అన్నారాయన మెల్లగా. "తాడేపల్లిగూడెం ఖాయం చేశారు. నీదే. అయితే నాకు వాళ్ల మాట కాదమ్మా, నీ మాట కావాలి. అక్కడ రోజూ కూర్చునేదానివి నువ్వు. ఏదైనా మార్చాలంటే ఇప్పుడే మార్చాలి. నేనేమనుకుంటానోనని చూడకు. మన పద్ధతి ఎలా ఉంది? నిజం చెప్పు."

కప్పు పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. కూర్చుకున్న మాటలన్నీ వరసగా నాలుక మీదే ఉన్నాయి. పక్కనే ముసలాయన ముఖం. ఎంత ఆశగా అడిగారు!

"బాగానే ఉందండీ," అంది.

"నాకు తెలుసమ్మా," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో సంతోషం ఆమెకు కనిపిస్తూనే ఉంది. "ఇంకేమైనా ఇబ్బందులు?"

"ఏం లేవండీ."

ఆయన ఆమె కప్పులో ఇంకాస్త టీ పోసి, తాడేపల్లిగూడెంలో చేరబోయే కొత్త డాక్టర్లకు మొదటిరోజు ఏం పాఠం చెబితే బాగుంటుందో మాట్లాడటం మొదలుపెట్టారు. నజ్నీన్ అడ్డు రాకుండా చివరిదాకా విన్నది.